రెండో హాజరు

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అత్తాకోడళ్లిద్దరూ రోజుకూలీలే. చెరో రెండు కొసలూ పట్టుకుని దుప్పట్లు మడతపెట్టడం వాళ్ల పని. పని ఎక్కువై ఇంకాసేపు ఉండాల్సి వస్తే అక్కడొక అలవాటుంది. ఎనిమిది గంటలు నిండగానే కూలీలంతా గేటు దగ్గర హాజరు మిషన్ మీద వేలు నొక్కి బయటికి వెళ్లాలి. కొళాయి దగ్గర మొహం కడుక్కుని, మళ్లీ వేలు నొక్కి లోపలికి రావాలి. అక్కడితో కొత్త రోజు మొదలైనట్టు లెక్క. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు.

మొన్న కోడలు ఆ సంగతే మరిచిపోయింది. ఇస్త్రీ మిషన్‌లో దుప్పటి ఇరుక్కుంటే లాగుతూ ఉండిపోయింది. ఇవాళ ఆఫీసు గదిలోకి రమ్మని కబురొచ్చింది.

"అయిపోయింది. నీకిక రేపట్నించి ఇల్లే. బుర్ర ఎక్కడ పెట్టుకున్నావే?" అంది అత్త.

"మిషన్‌లో, అత్తయ్యా. దుప్పటితో పాటు."

"నోటికేం తక్కువ లేదు. వెళ్లి తప్పయిందని చెప్పు."

మాట విసిరి కోడలు ఆఫీసు గది వైపు నడిచింది. కాలు విరిగి భర్త మంచం మీదున్నాడు. ఈ పని పోతే ఇల్లు గడవదు.

లోపల కొత్తగా వచ్చిన లెక్కలావిడ ఉంది.

"తప్పయిందండీ. మొహం కడుక్కోవడం మర్చిపోయాను."

లెక్కలావిడ కళ్లజోడు తీసింది. "మొహమా?"

కోడలు అంతా చెప్పింది. చెబుతుంటే తనకే అదోలా అనిపించింది.

"మొహం కడుక్కుంటే రోజు మారిపోతుందామ్మా? ఎనిమిది గంటలు దాటితే పై గంటలకి రెట్టింపు ఇవ్వాలి. రోజుకూలీలకైనా అంతే. మొన్న నీ గంటలన్నీ ఒకే రోజుగా పడ్డాయి, నీకు వేశాను. మిగతావాళ్లకెందుకు పడట్లేదో అడుగుదామనే పిలిచాను."

"అయితే రేపు రానాండీ?"

"రాకపోతే దుప్పట్లు నేను మడతపెట్టాలా? ఇద్దరూ రండి. మీ అత్తగారి పాత గంటలూ సరిచేయిస్తాను."

బయట అత్త కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"ఉంచారా?"

"ఉంచారు. పైగా మీకు కూడా రెట్టింపట."

అత్త మాసిన దుప్పట్ల మూట మీద కూలబడింది. మెల్లగా అంది. "తొందరపడి అబ్బాయికి ఫోన్ చేశానే. నీ పని పోయిందని చెప్పేశాను."

"అయ్యో. ఏమన్నారు?"

"పోతే పోయిందిలే, తనని ఏమీ అనకు, ముందు ఇంత అన్నం తినమను అన్నాడు."

కోడలు ఫోన్ అందుకుని, అత్తని కాస్త జరగమని ఆ మూట మీదే కూర్చుంది.