రేపటి డబ్బా

సాయంత్రం దుకాణం కట్టేసి ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని కూనిరాగం తీస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్లో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పాత మ్యూజిక్ ప్లేయర్. దాని వెండిరంగు వీపు మీది గీతలన్నీ అతనికి కంఠతా వచ్చు. రెండేళ్ల నుంచి అది మూగపోయి, తన దుకాణంలో బల్ల కింద ‘రేపటి డబ్బా’లో పడి ఉండాలి. రేపు చూద్దాంలే అనుకున్న వస్తువులన్నీ అందులోకే వెళతాయి, రేపు మాత్రం రాదు.

“ఇదెలా పాడుతోంది?” అన్నాడు.

ఆమె ఒక చెవి ఖాళీ చేసుకుంది. “మరిది బ్యాటరీ మార్చాడండీ. మొన్న మీ డబ్బాలోంచి తెచ్చుకున్నాను. పొద్దున ఇచ్చాను, మధ్యాహ్నానికల్లా చేసిచ్చేశాడు.”

మరిది అంటే ఆమె చెల్లెలి మొగుడు, ఇతనికి తోడల్లుడు. తోడల్లుళ్ల మధ్య ప్రేమ ఎంత చిక్కగా ఉంటుందో అందరికీ తెలిసిందే. పైగా వీళ్లకు వృత్తి ఒకటే, వీధి ఒకటే, దుకాణాలు ఎదురెదురు. ఇతను ఈ వీధిలో ఇరవై ఏళ్లుగా రేడియోలూ ఫోన్లూ బాగుచేస్తున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి అందరూ ‘ఎడంచేతి మెకానిక్’ అంటారు. తోడల్లుడు వచ్చి నాలుగేళ్లు. వచ్చీరాగానే అద్దాల తలుపు పెట్టించాడు, కూర్చోడానికి కుర్చీలు వేశాడు. మామగారు తన గడియారం ఆగిపోతే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాడో మెకానిక్ ఈ రోజుకీ మరచిపోలేదు.

ఇవన్నీ మెకానిక్ పళ్లబిగువున ఓర్చుకున్నాడు. వీధంతా అవతలి దుకాణానికి పోయినా సరే, ఇంట్లో ఆమె దృష్టిలో మాత్రం తన చెయ్యే చెయ్యి కావాలి. ఆ ఒక్కటీ ఇవాళ పోయింది. అదీ ఏ వస్తువుతో! పద్నాలుగేళ్ల కిందట ఆమె మొదటిసారి అతని దుకాణం మెట్టెక్కింది ఈ ప్లేయర్‌కి బ్యాటరీ వేయించుకోవడానికే. అరగంట పనికి మూడు రోజులు తిప్పాడు. నాలుగో రోజు పని ఏమీ లేకుండానే ఆమె వచ్చింది.

“నాకివ్వొచ్చుగా,” అన్నాడు. “పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నమాట!”

“ముందు మీకే ఇచ్చాను,” అంది ఆమె, మళ్లీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటూ.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. ఆమె కుట్టిన బట్టలు ఇవ్వడానికి పక్క వీధికి వెళ్లింది. ప్లేయర్ మిషన్ బల్ల మీదే ఉంది. అన్నం సంగతి మరచిపోయి అతను జేబులోంచి పలచటి ప్లాస్టిక్ బద్ద తీశాడు. చౌకరకం బ్యాటరీ వేసి ఉంటాడు, జిగురు పూసి ఉంటాడు, ఏదో ఒక లొసుగు దొరక్కపోతుందా అని ఆశ.

మూత లేపి లోపలి పని పరీక్షించాడు. బ్యాటరీ మంచిది. పాత జిగురు మరక కూడా లేకుండా తుడిచి, కొత్తది తిన్నగా, ఒద్దికగా కూర్చోబెట్టాడు. ఎంత వెతికినా వంక పెట్టడానికి సందు లేదు.

మూత లోపలివైపు చూశాడు. ఈ పని చేసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. ఏ వస్తువు తెరిచినా, మూసేముందు లోపల సన్నటి పెన్నుతో తేదీ వేసి తమ గుర్తు గీస్తారు. పద్నాలుగేళ్ల నాటి తన తేదీ, ఎడమవైపు తిరిగిన తన చిన్న బాణం చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కింద తోడల్లుడి గుర్తు లేదు.

‘నా గుర్తు కింద తన గుర్తు వెయ్యడానికి నామోషీ కాబోలు!’ అనుకున్నాడు. ఒళ్లు భగ్గుమంది.

అంతలో గేటు చప్పుడైంది. గబుక్కున మూత మూయబోయాడు, చేతికి ఏదో తేలిగ్గా తగిలింది. ఇయర్‌ఫోన్ గుచ్చే చోటునుంచి బోర్డుకి వెళ్లే రిబ్బన్, ఉల్లిపొరంత పలచనిది, సగానికి చిరిగింది. అది ఎడమ అంచునే ఉంటుంది, ఎడంచేత్తో బద్ద పెట్టినా మూత నొక్కినా చెయ్యి పడేది అక్కడే. అందుకే అతను ఇలాంటివి తెరిచేముందు తలకిందులుగా తిప్పి పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా మరచిపోలేదు. ఇవాళ కడుపుమంటలో తిప్పలేదు. వచ్చింది పక్కింటావిడ. అతను మాత్రం మూత నొక్కేసి, ప్లేయర్‌ని ఎక్కడిదక్కడ పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఆమె వీధిలోకి వచ్చింది. నేరుగా ఎదురు దుకాణంలోకే వెళ్లింది. అతను ఆగలేకపోయాడు, వెనకాలే వెళ్లాడు.

“మరిదీ, ఒక చెవిలో వినబడటం లేదు,” అంటోంది ఆమె.

“నిన్న చేసి ఇచ్చిందేగా?” అన్నాడు మెకానిక్, గుమ్మంలోంచే. గొంతులో సంతోషం దాచుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు. “తొందరపని ఇలాగే ఉంటుంది.”

తోడల్లుడు ప్లేయర్‌ని దీపం కిందికి జరిపి అంచులు చూశాడు. ఎడమ అంచున కొత్తగా పడిన సన్నటి గాటు మీద వేలు ఆగింది. కుడిచేతివాళ్లెవరూ అక్కడ బద్ద పెట్టరు. అతను తలెత్తి మెకానిక్ వైపు ఒక్కసారి చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

“నాదే పొరపాటు వదినా. మూసేటప్పుడు నలిగినట్టుంది. రేపటికి చేసిస్తాను.”

“పోనీలే మరిదీ. చేసిన తప్పు ఇలా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు!” అంది ఆమె, ఎంతో మెత్తగా.

కోరుకున్నదే జరిగింది. ఆమె ఎదుట ఎదుటివాడు తల దించుకున్నాడు. అయినా మెకానిక్‌కి గోరుచుట్టు మీద రోకటిపోటు పడినట్టయింది. ఆ మెత్తదనం తనవైపు తిరిగి ఎన్నాళ్లయింది? పనితనం వీడిదే, ఇప్పుడు మంచితనం కూడా వీడిదేనా? వీడు చెయ్యని తప్పుకి వీడికి మెప్పా?

“వాడి మొహం! వాడేం చెయ్యలేదు,” అని అరిచాడు. “చింపింది నేను. మధ్యాహ్నం నేనే తెరిచాను.”

పశ్చాత్తాపంతో అన్న మాట కాదది. అసూయ పట్టలేక అన్నాడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

తోడల్లుడు స్క్రూలు లెక్కపెడుతున్నట్టు నటించాడు. ఆమె భర్తవైపు తిరిగింది. కోపం వచ్చి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

“అప్పుడు మూడు రోజులు తిప్పారు, నాకు ముచ్చటగానే ఉండేది,” అంది. “ఇప్పుడు రెండేళ్లు అడిగాను. ఒక్కసారైనా తెరిచి చూశారా? నిన్న ఇంకొకరు తెరిచారని ఇవాళ తెరిచారు.”

ఆ మాట అనేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మెకానిక్ తోడల్లుడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “రిబ్బన్ ఉందా?”

“ఉందన్నయ్యా.”

ప్లేయర్‌ని తలకిందులుగా తిప్పి పట్టుకుని తెరిచాడు. తోడల్లుడు దీపం పట్టుకున్నాడు. పని పావుగంటలో అయిపోయింది. రెండేళ్లు ఆపిన పని అంతకంటే పెద్దదేమీ కాదు.

“గుర్తెందుకు వెయ్యలేదు నువ్వు?”

“తేదీ చూశానన్నయ్యా. మీ పెళ్లికి ముందుదిగా. దాని కింద నేను గీకితే బాగుండదనిపించింది.”

మెకానిక్ మెడ వంచి చాలాసేపు పెన్ను కోసం వెతికాడు. పెన్ను ఎదురుగానే ఉంది. చివరికి దాన్ని తీసి అతని చేతిలో పెట్టాడు. “వెయ్యి. బ్యాటరీ వేసింది నువ్వు.”

అతను తేదీ వేసి, కింద చిన్న చుక్క పెట్టాడు. అంకెలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. మెకానిక్ వాటిని తన వంకర అంకెలతో పోల్చి చూసుకున్నాడు. మళ్లీ కడుపు మండింది. మూత నొక్కి, ప్లేయర్‌ని చొక్కా జేబులో వేసుకుని, తెరిచి ఉన్న తన దుకాణం వైపు కన్నెత్తైనా చూడకుండా, ఇవాళే ఆమె చేతికివ్వాలని ఇంటి దారి పట్టాడు.