జెనీవా ఎత్తుకున్న పాట

ఫిబ్రవరిలో మా చర్చిలో జరిగే నల్లవాళ్ల చరిత్ర పండగలో ఈసారి తానూ మాట్లాడతానని మా అన్న కూతురు జెనీవా పట్టుబట్టింది. దానికి తొమ్మిదేళ్లు, నత్తి. మొదటి మాట దగ్గరే నాలుక ఆగిపోతుంది.

"పసిదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? బ్యానర్ పట్టుకోమను, ముచ్చటగా ఉంటుంది" అంది యూనిస్. పండగ పెత్తనమంతా ఆవిడదే, చర్చిలోకెల్లా పెద్ద టోపీ కూడా ఆవిడదే.

"బ్యానర్ నువ్వే పట్టుకో అక్కా. నీ టోపీకి సరిగ్గా జత కుదురుతుంది" అన్నాను.

జెనీవా నా చెయ్యి గిల్లింది. "నే... నేనే చెప్తానత్తా. పె... పెర్లీన్ అవ్వ గురించి."

పెర్లీన్ మా తాతముత్తాతల కాలంలో బానిసగా పుట్టిన మా ఇంటి పెద్దావిడ. ఆవిడ గురించి జెనీవా రాసుకున్నవి నాలుగే వాక్యాలు. వారం రోజులుగా అవి వినని చెవి మా వీధిలో లేదు.

ఆదివారం జెనీవా పసుపు గౌను వేసుకుని అందరి ముందు నిలబడింది. "పె..." అని ఆగిపోయింది.

"నిదానంగా చెప్పు తల్లీ" అన్నారు బల్లల మీద కూర్చున్నవాళ్లు. "మేమున్నాం బంగారం, చెప్పు."

మళ్లీ "పె..." అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు వరసలో యూనిస్ లేవబోయింది. ఇప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోతే ఈ పిల్ల జన్మలో నోరు విప్పదు. నా ఒళ్లు మండిపోయింది.

అప్పుడు వెనక నుంచి థడియస్ తాత, కూర్చున్నచోటే, అది రాసుకున్న మొదటి వాక్యాన్నే పాటగా ఎత్తుకున్నాడు.

"పెర్లీన్ అవ్వ పత్తి ఏరింది..."

మావాళ్లను పుస్తకం ముట్టనివ్వని రోజుల నాటి పద్ధతి అది. ఒకరు చరణం అందిస్తారు, అందరూ సాగదీసి పాడతారు. మేమంతా అందుకున్నాం. చెక్క నేల మీద పాదాలు తాళం వేశాయి. జెనీవా పెదవులు కదిలాయి.

"దొర కళ్లుగప్పి అక్షరం నేర్చింది..."

ఈసారి దాని గొంతు విడిగా వినిపించింది నాకు. ఎక్కడా తడబాటు లేదు.

మూడో చరణానికి తాత కావాలనే నోరు మూసుకున్నాడు. అందరం దాన్నే చూస్తున్నాం. ఊపిరి తీసుకుని తనే ఎత్తుకుంది.

"నేర్చింది దాచుకోలేదు, ఊరందరికీ పంచింది..."

కప్పు ఎగిరిపోయేలా పాడాం. నాకు ఏడుపాగలేదు, ఆపుకోనూ లేదు. "ఆవిడ మనవలం మనం" అని అది ఆఖరి చరణం అందించేసరికి కూర్చున్నవాళ్లెవరూ లేరు. యూనిస్ అయితే టోపీ జారిపోయినా పట్టించుకోకుండా, గోడకు ఆనించిన బ్యానర్ తీసి రెండు చేతులా పైకెత్తి ఊగుతోంది.

తర్వాత భోజనాల దగ్గర వేయించిన కోడికాలు పట్టుకుని జెనీవా యూనిస్ దగ్గరికే వెళ్లింది.

"వ... వచ్చే ఏడు కూడా బ్యా... బ్యానర్ మీరే పట్టుకోండత్తా" అంది. "నే... నేను మాట్లాడాలి."