పద్నాలుగు నెలల గెలుపు

మాణిక్యాంబ ఆ రోజు కూడా గెలిచింది. ఆమె నాలుగో చింతపిక్క నడిగడిలోకి చేరగానే రామతులసి చప్పట్లు కొట్టింది. "నీతో ఆడి గెలవడం మా వల్ల కాదమ్మా" అంది నాగరత్నం. గెలిచిన మనిషి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

తణుకు బజారులో జోగేశ్వరరావు మిరపకాయల కొట్టుకు వెనకవైపే ఇల్లు. ఆ ఇంటి వసారాలో ఈ అష్టాచెమ్మా పందొమ్మిదేళ్ళుగా సాగుతోంది. మగవాళ్ళు భోజనాలు చేసి కొట్లలోకి వెళ్ళిపోయాక మొదలుపెడితే పంచదార ఫ్యాక్టరీ నాలుగింటి కూత కూసేదాకా ఆటే ఆట. కిందటేడు ఆకాశంలోంచి స్కైలాబ్ నెత్తిన పడి చస్తామని ఊళ్ళో జనం ఉన్నదంతా వండుకు తినేస్తున్న రోజుల్లో కూడా వీళ్ళు గవ్వలు వెయ్యడం మానలేదు. ఆట మధ్యలో పడితే గెలుపు ఎవరిదవుతుందని పెద్ద తగువు కూడా పడ్డారు.

ఆ తగువుల్లో పెద్ద గొంతు ఎప్పుడూ మాణిక్యాంబదే. ఏభై రెండేళ్ళు వచ్చినా కాయ పోతే ఆవిడకు ఒళ్ళు తెలియదు. పక్కింటి నూనె వర్తకుడి భార్య నాగరత్నం ఆమె ఈడుదే. ఇద్దరూ ఒకే ఏడు ఈ వీధికి కాపురానికి వచ్చారు. ఒకసారి ఆటలో మాటామాటా పెరిగి పదకొండు రోజులు మొహాలు చూసుకోలేదు. పన్నెండో రోజు మాణిక్యాంబే గవ్వలు కొంగున కట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. రాజీ కోసం కాదు, ఓడించడానికి.

అలాంటి మనిషికి ఆట చప్పబడిపోయింది. మధ్యాహ్నం రెండవుతోందంటే ఒకప్పుడు గిన్నెలు కూడా సరిగ్గా తోమకుండా పరుగెత్తేది. ఇప్పుడు కాసేపు పడుకుందామా అనిపిస్తోంది. గవ్వలు చేతిలోకి తీసుకుంటే రాళ్ళు పట్టుకున్నట్టుంది.

"రేపట్నుంచి మానేద్దాం వదినా. నాకు విసుగొచ్చేసింది" అంది.

మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదేంటండీ అత్తయ్యగారూ, అలా అంటారు? మిమ్మల్ని సరదాగా ఉండమని డాక్టరు గారు చెప్పారు కదండీ" అంది రామతులసి. ఎదురింటి గాజుల కొట్టువాళ్ళ కోడలు ఆ పిల్ల. ఆటకు వచ్చి మూడేళ్ళయింది.

డాక్టరు మాట నిజమే. కిందటేడు శ్రావణమాసంలో ఇదే వసారాలో మాణిక్యాంబ గుండె పట్టుకుని పడిపోయింది. రాజమండ్రి తీసుకువెళ్ళి తొమ్మిది రోజులు ఉంచారు. మాత్రలు ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, ఆవేశపడవద్దన్నారు. ఆవేశపడడానికి ఏముంది గనక? తిరిగి వచ్చిన నాటి నుంచి ఆమె ఒక్క ఆట కూడా ఓడలేదు. మొదట్లో అమ్మవారి చలవ అనుకుని మురిసిపోయింది. రెండు నెలలకు మురిపెం తీరింది. పద్నాలుగు నెలలకు గెలుపంటేనే మొహం మొత్తింది.

సరే, మీ మాట ఎందుకు కాదనాలని మర్నాడు కూర్చుంది. కూర్చుందే గాని మనసు లేదు. అందుకే కాబోలు, చేతి మీద ఉండే చూపు ఎదుటివాళ్ళ కాయల మీద పడింది.

రామతులసికి రెండు పడింది. ఆమె గాజుముక్కకు సరిగ్గా రెండు గళ్ళ ముందు మాణిక్యాంబ చింతపిక్క ఒంటరిగా, చంపడానికి వీల్లేని ఏ ఇంట్లోనూ లేకుండా నిలబడి ఉంది. చంపితే కాయ పోవడమే కాదు, ఇంకో పందెం కూడా వస్తుంది. గవ్వలు పట్టడం వచ్చిన ఏ పిల్లయినా కళ్ళు మూసుకుని చంపుతుంది. రామతులసి ఎక్కడో మూలనున్న ఇంకో ముక్కను రెండు గళ్ళు జరిపి, "మీదేనండి" అని గవ్వలు అందించింది.

 మాణిక్యాంబ గవ్వలు అందుకుంటూ ఆ పిల్ల మొహంలోకి చూసింది.

ఆ తరువాత ఆమె ఆడింది ఆట కాదు, పరీక్ష. కావాలనే తన కాయను ఇంట్లోంచి బయటకు తీసి నాగరత్నం కాయకు మూడు గళ్ళ ముందు పెట్టింది. నాగరత్నానికి ఒకటి పడింది. తరువాత నాలుగు. మూడోసారి గవ్వలు దొర్లి దొర్లి మూడు నోళ్ళు తెరుచుకుని ఆగాయి. నాగరత్నం తన కాయను పట్టుకుని "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి అక్కడే వదిలేసింది.

నూనె డబ్బాలు ఎన్ని దిగాయో గోడవతల చప్పుడు విని చెప్పగల మనిషి ఆవిడ. మూడు లెక్కపెట్టలేకపోయింది.

మాణిక్యాంబకు చెవులు వేడెక్కాయి. "నీకు పడిందెంత వదినా?"

"రెండు కదూ?"

"గవ్వలు ఇంకా అక్కడే ఉన్నాయి. చూసి చెప్పు."

నాగరత్నం చూడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.  కొట్టులో మిరపకాయలు తిరగబోస్తున్న ఘాటుకు రామతులసి దగ్గింది. ఆ దగ్గు వంకతో కళ్ళు తుడుచుకోబోయి పట్టుబడిపోయింది.

"నువ్వు చెప్పవే. ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

"మావయ్యగారే అండీ..." అని ఏడుపు అందుకుంది ఆ పిల్ల. "మీరు ఆస్పత్రి నుంచి రాకముందే మా ఇంటికొచ్చారండి. మా అత్తగారి ముందు నిలబడి, మా ఆవిడ కాయలు చంపకండమ్మా, ఆవిడ ప్రాణం మీ చేతుల్లో ఉంది అన్నారండి. నేను ఒట్టేశానండి."

మాణిక్యాంబకు ఒక్కసారి అన్నీ అర్థమయ్యాయి. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపితే గాని లోపలి గళ్ళలోకి పోకూడదన్నది ఆట కట్టు. అందుకని ప్రతి ఆటలోనూ ఒక కాయను తెచ్చి ఆమె ముందు పెడుతున్నారు, చంటిపిల్లకు ముద్ద కలిపి పెట్టినట్టు. ఆమె చంపానని మురుస్తోంది. చంపాను అనే మాట కూడా వీళ్ళు మానేశారు, లేపాను అంటున్నారు. ఇన్నాళ్ళూ అది కూడా గమనించలేదు తను!

సిగ్గు ముందు వచ్చింది. దాని వెనకే ఒళ్ళంతా మంటెక్కించే కోపం వచ్చింది.

"ఆ పిల్లకు తెలీదు. నీకు తెలీదా వదినా? పందొమ్మిదేళ్ళు ఆడావు నాతో."

నాగరత్నం తల ఎత్తింది. "నువ్వు పడిపోయిన రోజు నీ ఆఖరి కాయ చంపిందెవరు? నేను. కేకేసి నవ్విందెవరు? నేను. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే నువ్వు ఈ గళ్ళ మీద పడ్డావు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో. నేను మాత్రం ఇంకోసారి ఆ పని చెయ్యను."

 మాణిక్యాంబ లేచి, కొట్టు తలుపు తీసి భర్తను పిలిచింది.

జోగేశ్వరరావు తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళ మొహాలు చూడగానే విషయం తెలిసిపోయింది. బేరంలో ఎంతటివాడినైనా కూర్చోబెట్టగల మనిషి, గోడకు చేరబడి నిలుచున్నాడు.

"ఏం చేశారండీ మీరు?"

"ఏం చేశాను? నిన్ను బతికించుకున్నాను."

"బతికి ఏం చేస్తున్నానని? పద్నాలుగు నెలలు వీళ్ళిద్దరూ శవం ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు నా ముందు."

"అంతంత మాటలెందుకు మాణిక్యం! నిన్ను రాజమండ్రి తీసుకెళ్తున్నప్పుడు కారులో నీ చెయ్యి చల్లగా అయిపోయింది. నిడదవోలు దాటేదాకా ప్రాణం ఉందో లేదో తెలీదు. అది నీకు గుర్తులేదు. నాకుంది" అన్నాడాయన. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. 

కోపం కొంచెం కుంగింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. "ఒక్క ఆట ఆడతాం. నిజం ఆట. ఎవరూ ఎవర్నీ వదలకూడదు. అది జరగకపోతే ఈ గవ్వలు తీసుకెళ్ళి కాలవలో పారేస్తాను, మీ ముగ్గురితోనూ మాట మానేస్తాను. తరువాత మీరు నన్ను ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో దాచుకోండి."

ఆమె అన్నంత పనీ చేస్తుందని ముగ్గురికీ తెలుసు. జోగేశ్వరరావు లోపలికి వెళ్ళి మాత్రల సీసా, మంచినీళ్ళ గ్లాసు తెచ్చుకుని గడప మీద కూర్చున్నాడు. కొట్టులో ఎవరో "సెట్టిగారూ" అని పిలుస్తున్నా పలకలేదు.

ఆట మొదలైంది. మొదటి నాలుగు పందేల్లో ఎవరి కాయా ఎవరి దారికీ రాలేదు. ఐదో పందెంలో రామతులసి మూడు వేసి, మాణిక్యాంబ కాయ దగ్గరకు వచ్చి ఆగిపోయి, మావయ్యగారి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశాడు. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని చంపింది.

"చంపానండి" అంది ఏడుస్తున్నట్టు.

"గట్టిగా చెప్పు."

"చంపానండీ!"

మాణిక్యాంబ పళ్ళు నూరింది. పోయిన కాయ మళ్ళీ దించి, రెండు చుట్లలో అదే రామతులసి ముక్కను పట్టుకుని పగ తీర్చుకుంది. ఎవరూ తెచ్చి పెట్టినది కాదు. పరుగెత్తుతుంటే వెంటాడి చంపింది. ఆ తరువాత ఎవరికీ గడప మీది మనిషి గుర్తు రాలేదు. గవ్వలు గచ్చు మీద పడే చప్పుడు ఒకటే. మాణిక్యాంబ మెడ మీద చెమట పట్టింది, జడముడి ఊడింది, ఎప్పుడో మర్చిపోయిన బూతుమాట ఒకటి నోట్లోంచి జారింది.

ఫ్యాక్టరీ కూత కూసింది. ఎవరూ కదలలేదు.

మాణిక్యాంబకు మూడు కాయలు నడిగడికి చేరి పండాయి. నాగరత్నానికీ మూడే. రామతులసి చాలా వెనకబడి ఉంది. ఇద్దరి చివరి కాయలూ లోపలి గళ్ళలోకి వచ్చేశాయి. మాణిక్యాంబకు రెండు పడితే ఆట అయిపోతుంది. వేసింది. మూడు పడింది. మూడుతో పండడానికి లేదు, కాయ కదలలేదు.

ఇక నాగరత్నం. ఆమె కాయ వెనక, సరిగ్గా మూడు గళ్ళ దూరంలో ఉంది. గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి వేసింది. రెండు నోళ్ళు తెరుచుకున్నాయి. మూడోది బొంగరంలా తిరిగి తిరిగి అదీ వెల్లకిలా పడింది. నాలుగోది అప్పటికే బోర్లా ఉంది.

మూడు.

నాగరత్నం చెయ్యి కాయ మీదకు వెళ్ళి ఆగింది.  పోయినసారి కూడా ఆఖరి కాయే. "నా వల్ల కాదు వదినా. నాకు ఒట్టుంది."

మాణిక్యాంబ మాట్లాడలేదు. మాట్లాడితే బతిమాలినట్టుంటుంది. బతిమాలించుకుని చంపినా అది కూడా ముద్ద కలిపి పెట్టడమే. గుండె గట్టిగా కొట్టుకుంటోంది, ఆ దెబ్బలు చెవుల్లో వినబడుతున్నాయి. చావడానికి భయంగానే ఉంది. కాని నాగరత్నం ఆ కాయ వదిలేసి ఇంకో ఆట గెలిపిస్తుందేమోనని అంతకంటే భయంగా ఉంది.

గడప మీద నుంచి జోగేశ్వరరావు గొంతు వచ్చింది. "అమ్మా నాగరత్నం. ఆ ఒట్టు నేను వేయించుకున్నాను. నేనే తీసేస్తున్నాను. నీ ఆట నువ్వు ఆడుకో."

నాగరత్నం ముక్కు ఎగబీల్చింది. కాయ ఎత్తింది. "ఒకటి. రెండు. మూడు." ఆఖరి అంకె దగ్గర గచ్చు అదిరేలా కొట్టి, చింతపిక్కను తీసి అవతల పడేసింది. "చచ్చింది!"

మాణిక్యాంబ చెయ్యి గుండె మీదకు పోయింది. రామతులసి కెవ్వుమంది. మాత్రల సీసా జోగేశ్వరరావు చేతిలోంచి జారి వసారా పొడుగునా దొర్లింది.

"ఏం లేదు, ఎవరూ చావలేదు! కొట్టుకుంటోంది" అని కసిరింది మాణిక్యాంబ. "దాని పని అది చేస్తోంది. మీ పని మీరు చూసుకోండి. ఒసే రాక్షసీ, ఆఖరి కాయ కోసం ఎంతసేపు పొంచి కూర్చున్నావే! వదిననని కూడా చూడవా?"

"ఆటలో వదినేంటి, మరదలేంటి!" అంది నాగరత్నం. ఒక కంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వు మాత్రం నోటి నిండా ఉంది.

మాణిక్యాంబ మళ్ళీ మొదటి నుంచి పరుగెత్తింది. ఎనిమిది గళ్ళ అష్టా పడింది, వెంటనే నాలుగు గళ్ళ చెమ్మా పడింది, చుట్టంతా తిరిగి లోపలి గళ్ళ అంచుకు వచ్చేసింది. ఈలోపు నాగరత్నం తన వైపు దారిలో మిగిలిన ఆరు గళ్ళూ రెండు పందేల్లో దాటేసింది. పద్నాలుగు నెలల తరువాత మాణిక్యాంబ ఓడిపోయింది. ఏడుపు వచ్చేంత ఉక్రోషం వచ్చింది, గళ్ళ మీది కాయలన్నీ ఒక్క తోపు తోసేసింది.

వసారాలో పొద్దు వాలుతోంది. మూడిళ్ళలోనూ పొయ్యిలు వెలిగించే వేళ దాటిపోయింది. జోగేశ్వరరావు వంగి మాత్రలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు.

"రేపు నిన్ను ఇంకా ఘోరంగా ఓడిస్తాను, చూసుకో" అంది నాగరత్నం గవ్వలు పోగుచేస్తూ.

"రేపటి దాకా ఎందుకు? ఇప్పుడే వెయ్యి."

నాగరత్నం నిజంగానే వేసింది. మొదటి పందెమే అష్టా. మాణిక్యాంబకు ఓడిపోతానేమోనన్న భయం వేసింది. ఆ భయానికి ఇన్నాళ్ళూ ఎంతగా మొహం వాచిపోయి ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది. చీర కొంగు బిగించి నడుముకు దోపుకుని, గవ్వల కోసం చెయ్యి చాచింది.