రాయి అడిగినవాడు

ఆంధ్రా వేరే పోయిన మర్సటేడు నా తలకు దెబ్బ తగిలింది. చుక్క రక్తం రాలేదు. అదే వచ్చిన కష్టం. రక్తం కారి ఉంటే జనం నమ్మేవాళ్ళు.

మాది కైబండి, చేతులతో లాగేది. సౌకార్‌పేటలో పప్పు మూటలు ఎక్కించుకొని, యానగౌని వంతెన దాటించి, చూళైలో దించాల. ముందు అడ్డకొయ్య పట్టుకొని లాగేది నేను. వెనక తోసేది ఇద్దరు, మా మేస్త్రి మాదయ్య మామా, కన్నియప్పనూ. కన్నియప్పన్ పెండ్లాం కోకిల చక్రం పక్కన రాయి పట్టుకొని నడిచేది.

ఆ వంతెన కింద రైళ్ళు పోతాయి. నడుమ ఎత్తు. పన్నెండు మూటల బండి ఒక్క ఊపున ఎక్కదు. ఊపిరి చాలనప్పుడు ముందున్నవాడు "రాయి" అని అరవాల. కోకిల చక్రం వెనక రాయి పెడుతుంది. బండి నిలుస్తుంది. నాలుగు గుక్కలు ఊపిరి తీసుకొని మళ్ళా లాగాల. రాయి అడిగే మాట కొయ్య పట్టినవాడిదే. వేరేవాళ్ళు నోరు తెరవకూడదు. అది బండోళ్ళ కట్టుబాటు.

నేను ఎనిమిదేండ్లు కొయ్య పట్టినాను. ఒక్కసారి కూడా రాయి అడగలేదు. తక్కిన బండ్లవాళ్ళు రెండుసార్లు, మూడుసార్లు అడుగుతారు. ఇంకో బండి మేస్త్రి గోవిందసామి నన్ను చూసి, "వాడికి ఊపిరి అక్కర్లేదప్పా, ఎద్దు" అనేవాడు. ఆ మాటకు నేను పైకి నవ్వలేదు. లోపల గర్వమే.

దెబ్బ చిత్తిర నెల ఎండలో తగిలింది. చూళైలో సరుకు దించేటప్పుడు వెనకవైపు మూటలు మొదట దించాల. ఆ పొద్దు అంగడి కూలోళ్ళు తొందరలో ముందువైపు మూటలు దించేసినారు. నేను వంగి తాడు విప్పతా ఉండాను. బండి వెనక్కు వాలింది. కొయ్య పైకి లేచి నా నుదుటికి కొట్టింది.

కొంచెంసేపు ఏమీ తెలియలేదు. లేచి కూర్చొని కక్కినాను. నీళ్ళు తాగినాను.

"ఏమప్పా చిన్నసామీ, బాగుండావా?" అన్నాడు కన్నియప్పన్.

"ఆ" అన్నాను.

కొయ్య దెబ్బ తిన్నవాణ్ణి మూడో నాడే మళ్ళా కొయ్యకు నిలపాల, లేకుంటే జడుపు ఒంట్లో నిలిచిపోతాదని మావాళ్ళ నమ్మకం. మామ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాడు. టెంకాయ కొట్టినాడు. "పట్టుకోరా. జడుపు పోయింది" అన్నాడు.

అది జడుపు కాదు. ఎండ కండ్లల్లో సూదులు గుచ్చతా ఉంది. బస్సు హారన్ కొడితే పుర్రె లోపల కొట్టినట్టుంది. నేను చెప్పలేదు. కొయ్య పట్టుకున్నాను.

వంతెన సగం ఎక్కినాము. కింద ఇంజన్ కూత పెట్టింది. నా కండ్లకు చీకట్లు కమ్మినాయి. అప్పుడన్నా రాయి అడగొచ్చు. ఇంకొక్క అడుగు, ఇంకొక్క అడుగు అనుకున్నాను. చేతులు వాటంతట అవే వదిలేసినాయి. బండి వెనక్కు జారింది. కోకిల తనే రాయి తోసింది గానీ అప్పటికే కన్నియప్పన్ కాలు చక్రానికీ పిట్టగోడకూ నడుమ నలిగింది. ఎముక విరిగింది.

ఆ పొద్దునుంచి నేను ఇల్లు కదల్లేదు. గోడ పక్కకు తిరిగి పడుకునేవాణ్ణి. నిద్ర రాదు. అన్నం మట్టి మాదిరి ఉండేది. నా పెండ్లాం అలివేలు గిన్నె కింద పెడితే ఆ చప్పుడుకు అరిచేవాణ్ణి. అరిచి, అరిచినందుకు ఏడిచేవాణ్ణి. వీధిలో ఆడోళ్ళు వినేట్టుగానే అనేవాళ్ళు. "తలకు కట్టన్నా ఉండాదా చూడు. పని ఎగ్గొట్టేదానికి మొగోడికి తలనొప్పి."

ఒకే ఒక్కనాడు ఇల్లు దాటి, ఒంటిగా వంతెన దాకా పోయినాను. పిట్టగోడ పట్టుకొని కింద పట్టాలు చూస్తా నిలబడినాను. ఎందుకు చూసినానో ఇంట్లో చెప్పలేదు. తిరిగి వచ్చినాను.

మూడో నెలలో కోకిల వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, నీ మీద నాకు కోపం."

"తెలుసు. వాడి కాలు..."

"కాలు అతుక్కుంటాది పో. కాలుకు కట్టుంది. నేను చెప్పేది అది కాదు. రాయి నా చేతిలోనే ఉండింది. నీ మెడ నరాలు వణకతా ఉంటే చూస్తానే నడిచినాను. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని చూసినాను. నువ్వు అడగలా. నువ్వు కొయ్య వదిలిందాకా కట్టుబాటు మీరి నేను వెయ్యలేకపోతిని. అంత పనికిమాలిందా నా రాయి?"

నా కండ్లల్లో నీళ్ళు కారినాయి. ఆ నాళ్ళలో దేనికైనా కారేవి. పులుసులో ఉప్పెక్కువైనా కారేవి.

"ఏడువు. ఏడ్చినాక చెప్పు. తలలో ఏమవతా ఉండాది?"

అప్పుడు చెప్పినాను. ఎండ సంగతి, చప్పుళ్ళ సంగతి, తెలిసిన వీధి తెలియకపోవడం, నిద్ర లేకపోవడం, పట్టాలు చూసి వచ్చింది కూడా చెప్పినాను. నా బతుకులో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అలివేలు పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు అడగలేదు."

"రోజూ అడిగితిని. నువ్వు ఆ అంటివి, ఊ అంటివి. ఆ ఆ-లూ ఊ-లూ పట్టుకొని నేనేం చేసేది?"

మర్నాడు ఇద్దరూ నన్ను పెద్దాసుపత్రికి తోలుకొని పోయినారు. డాక్టరు నా కంట్లో లైటు వేసి చూసినాడు. గీత మీద నడవమన్నాడు. వందలోనుంచి ఏడేడు తీసేస్తా చెప్పమన్నాడు.

"నేను మూడో క్లాసే సామీ" అన్నాను.

"సరే, నీ బండిలో మూటలు పన్నెండునుంచి వెనక్కు చెప్పు."

చెప్పినాను. ఐదు దగ్గర తప్పినాను.

"పిచ్చి పట్టిందా సామీ?" అలివేలు అడిగింది.

"లేదమ్మా. ఎముక పగల్లేదు. లోపల మెదడు అదిరింది. కడవ పగలకపోయినా లోపల నీళ్ళు కలకబారతాయి గదా. ఏడుపు, కోపం, నిద్ర లేకపోవడం, చావాలనిపించడం, అన్నీ ఆ దెబ్బలోవే. ఇతను సోమరి కాదు. కుదురుతాడు. నాళ్ళు పడతాయి."

"కుదిరిందాకా పడుకోవాల్నా?" అన్నాను.

"పడుకొనే ఉంటే మనసు ఇంకా చెడతాది. ఒక్కసారిగా బరువూ ఎత్తుకోవద్దు. కొంచెం చెయ్యి, ఆపు. నొచ్చినాక ఆపడం కాదు, నొయ్యకముందే ఆపాల. మళ్ళా పట్టాలు చూడబుద్ధయితే ఇంట్లో చెప్పు, నా దగ్గరికి రా."

కోకిల గట్టిగా నవ్వింది. "ఇది మా వంతెన సంగతే గదా సామీ! ఈయన అక్కడే తప్పినాడు."

మామకు అరవై దాటినాయి. నేను పడినప్పటినుంచీ ఆయనే కొయ్య లాగతా ఉండాడు. నన్ను చూసి ఒకటే మాట చెప్పినాడు. "దీపావళి దాకా లాగుతాన్రా. అంతకుమించి నా వల్ల కాదు. ఆనాటికి నువ్వు నిలబడకపోతే కొత్తోణ్ణి తెస్తా. వచ్చినోణ్ణి మళ్ళా పొమ్మనలేను."

కోకిల మొగుడి బదులు వెనక తోస్తా ఉంది. రాయి నా చేతికి ఇచ్చింది. ముందుండేవాణ్ణి, చక్రం పక్కకు వచ్చినాను. గోవిందసామి ఊరుకుంటాడా? "ఏమిరా ఎద్దూ, రాయి మోస్తా ఉండావా? గుడ్డెప్పుడు పెడతావు?"

మొదటి నాడు వంతెన మొదట్లోనే తల తిరిగింది. చెప్పి కూర్చున్నాను. చెప్పడం కూర్చోవడంకన్నా కష్టం. నాలుగో నాడు సగం దాకా పోయినాను. ఆడి నెలలో ఒకనాడు మింటు వీధి మలుపులో ఏ పక్క తిరగాలో తెలియక నిలబడిపోయినాను. ఆ తర్వాత వారం మళ్ళా గోడ పక్కకే తిరిగి పడుకున్నాను. అలివేలు "ఈ పొద్దు ఎట్టుంది?" అనేది. "బాగలేదు" అనేవాణ్ణి. ఆ అనలేదు, ఊ అనలేదు. ఎనిమిదో నాడు మళ్ళా రాయి పట్టుకున్నాను.

రాయి మోస్తేనే నాకు ఒకటి తెలిసింది. ముందున్నవాడి మెడ పక్కనుంచి బాగా కనపడతాది. మామ అడగబోయే ముందే నాకు తెలిసిపోయేది. ఆయన అడిగితే నాకు ఆయన మీద చులకన కలగలేదు. కాలు కింద నేల గట్టిపడినట్టుండేది.

పురటాసి నెలలో నిద్ర పట్టింది. ఐప్పసి నెల పుట్టినాక పులుసు రుచి తెలిసింది. ఇంకొంచెం పొయ్యమన్నాను. అలివేలు గరిటె పట్టుకొని నన్నే చూస్తా ఉండిపోయింది.

దీపావళి ఐదు నాళ్ళుందనగా మామ కొయ్య దగ్గరనుంచి పక్కకు జరిగినాడు. "పన్నెండు మూటలు. తగ్గించేది లేదు" అన్నాడు. కన్నియప్పన్ కుంటుకుంటా వచ్చి వెనక చెయ్యి వేసినాడు. కోకిల మళ్ళా రాయి తీసుకొని చక్రం పక్కకు వచ్చింది.

"చిన్నసామీ, నీ వెనకే ఉండాను. ఈసారి కాలు దూరంగా పెట్టుకుంటాలే" అన్నాడు.

కొయ్య పట్టినాను. బండి కదిలింది. వంతెన మొదలయింది. వెనక గోవిందసామి బండి వస్తా ఉంది.

ఇరవై అడుగుల్లో మెడ బిగిసింది. ఇంకో పది అడుగులు పోగలను. పోలేదు.

"రాయి" అన్నాను. గొంతు కప్ప మాదిరి వచ్చింది. కోకిల వేసింది. బండి నిలిచింది.

"ఒరేయ్, ఎద్దు రాయి అడిగిందిరో!" గోవిందసామి వంతెనంతా వినపడేట్టు అరిచినాడు. జట్కావాళ్ళు కూడా నవ్వినారు.

ఊపిరి తీసుకున్నాను. లాగినాను. "రాయి!" రెండోసారి గొంతు బాగా వచ్చింది.

"రెండు!" అని గోవిందసామి.

సగం ఎక్కినాక కింద ఇంజన్ కూత పెట్టింది. పొగ పైకి వచ్చింది. తలలో పాత నొప్పి కదిలింది. కండ్లు మసకబారకముందే అరిచినాను. "రాయి!" బండి నిలిచింది. కండ్లు మూసుకొని నిలబడినాను. వెనక బస్సు హారన్ కొడతా ఉంది. జట్కావాడు మా అమ్మను తిట్టినాడు. తిట్టుకోనీ. నేను కదల్లేదు. రైలు పోయింది. నొప్పి వచ్చినట్టే వచ్చి దిగింది.

నాలుగోసారి కూడా అడిగినాను. గోవిందసామి లెక్క చెప్పలేదు. కోకిల వెనక్కు తిరిగి, "ఏమి మేస్త్రీ, మూడు తర్వాత రాదా నీకు?" అనింది.

ఇంకో పన్నెండు అడుగులకు నేల చదునయింది. పైకి వచ్చేసినాము. ఒకవైపు సౌకార్‌పేట మిద్దెలు, ఒకవైపు చూళై మిల్లు పొగగొట్టం. గాలి తగిలింది.

ఇంక దిగేది. దిగేటప్పుడు ముందున్నవాడే బండిని ఆపాల. కొయ్యకు వీపు ఆనించి, మడమలు తన్నిపెట్టినాను. పన్నెండు మూటలు నా వీపు మీదికి వచ్చినాయి. ఆపినాను. "దారి! దారి!" అని అరిచినాను. జట్కాలు జరిగినాయి. సైకిళ్ళు జరిగినాయి. అవసరం లేనప్పుడు కూడా అరిచినాను. వెనక మామ నవ్వతా ఉండాడు, కన్నియప్పన్ నవ్వతా ఉండాడు. చూళైలో బండి నిలిపి, వెనక మూటలు దించిందాకా కొయ్య వదల్లేదు.

ఇంటికి పోయేసరికి గొంతు పోయింది.

"గొంతేమయింది?" అనింది అలివేలు.

"అరిచినాను."

"ఎవర్ని?"

"అందర్నీ."

ఆమె నవ్వింది. అన్నం తట్ట తెచ్చి ముందు పెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టినాను.