తాలింపేసిన సీసా

ఇరవై ఏండ్లుగా అనంతపురంలో హాస్టలు వంటోణ్ణి. వంకాయ సంగతి నాకొకరు చెప్పాల్నా?

సిరియా నుంచి చదువుకొనేకి వచ్చిన నిజార్ చెప్పినాడు. యుద్ధంలో ఇల్లు పోయి, వాళ్ళమ్మ యాడో శిబిరంలో ఉండాది. ఆయమ్మ ఫోన్లో చెప్తాంటే చిన్న వంకాయలు ఉడకబెట్టి, ఉప్పేసి నీళ్ళు పిండి, తెల్లగడ్డా ఎండుమిరపా కూరినాడు. వాళ్ళ ఊర్లో అక్రోట్లు వేస్తారంట. ఈడ చెనిక్కాయ పప్పులేసి, సీసా నిండా చెనిక్కాయ నూనె పోసినాడు.

"ఊరగాయన్నా ఇది. పదైదు దినాలు ఊరాల, ముట్టుకోవద్దు కుళ్ళాయప్పన్నా" అన్నాడు.

పదో దినం మూత తీసి చూస్తే తాలింపే లేదు! పాపం, పిల్లోనికి వంట రాదనుకొని, మొత్తం బాండ్లీలో వంచి, ఆవాలూ కరేపాకూ వేసి గుత్తొంకాయ కూర చేసినా. మీసం తిప్పుకుంటా వడ్డించినా.

నిజార్ ఖాళీ సీసా చూసినాడు. ఒక ముద్ద తిన్నాడు. అప్పుడే వాళ్ళమ్మ వీడియో కాల్ చేసింది. దినమూ ఆ సీసాను చూస్తాదంట. వాడు ఫోను పళ్ళెం మీదికి తిప్పినాడు. ఆయమ్మ ఏదో అనింది.

"తిడతాందా ఏమప్పా?"

"లేదన్నా. పెద్ద వంటాయన గదా, నా వంకాయల్లో ఉప్పు సరిపోయిందా అని నిన్నడగమంటాంది."

తాలింపేసే ముందు ఒక ముక్కన్నా నోట్లో పెట్టి చూసుంటే గదా చెప్పేకి!