బర్రాంకియాలో ‘ఏటి’

ఆదినారాయణ ఇంట్లో ఒకటే చట్టం. గడప అవతల హిందీ మాట్లాడుకోండి, ఛత్తీస్‌గఢీ మాట్లాడుకోండి, గడప లోపల మాత్రం తెలుగే. బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో పుట్టి పెరిగిన కూతురు తనూజకి తెలుగు అలా నోటికి అబ్బింది. కంటికే అబ్బలేదు. చదువంతా హిందీలో సాగింది కాబట్టి, తెలుగు అక్షరాలు కనపడితే ఇప్పటికీ కూడబలుక్కుంటుంది.

అలాంటి పిల్లకి యాత్రా వీడియోలకి తెలుగు గొంతు ఇచ్చే పని దొరికింది. హైదరాబాదులో ఛానెల్ నడిపే రవిచంద్ర ఫోనులో ఆమె గొంతు విని మెచ్చుకుని మొదటి వీడియో పంపించాడు. కొలంబియా దేశంలో బర్రాంకియా అనే ఊరు, అక్కడ కార్నివాల్‌కి ముందు సందడి. వీడియోలో మాటలు లేవు. మాటలన్నీ వేరే కాయితాల మీద ఉన్నాయి, అచ్చ తెలుగులో. తనూజ గుండె జారిపోయింది. చివరికి తండ్రీకూతుళ్ళు ఒక ఉపాయం పన్నారు. రైల్వే గార్డుగా రిటైరైన ఆదినారాయణ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వాక్యం పైకి చదువుతాడు, ఆమె విని ఫోనులోకి చెబుతుంది.

అలా ఇద్దరూ బిలాస్‌పూర్ దాటకుండానే ఆ ఊరంతా తిరిగారు. ఊరేగింపు దారికి రెండు పక్కలా జనం కూర్చోడానికి మెట్ల వరసలు బిగిస్తున్నారు. గుమ్మాల్లో ఆడవాళ్ళు మెడలు వంచుకుని గౌన్లకి తళుకులు కుడుతున్నారు. పాత రైల్వే స్టేషను కనపడగానే ఆదినారాయణ వీడియో ఆపించి పట్టాల కోసం వెతికాడు. రైలు ఎప్పుడో ఆగిపోయిందనీ, పట్టాలు పోయాయనీ కాయితంలో ఉంది. ఆయన మనసు చాలాసేపు బాగోలేదు.

ఒక ముసుగు మాత్రం ఆయనకి భలే నచ్చింది. తొండమంత ముక్కు, చాటలంత చెవులు. పూర్వం వేషం కొనుక్కోలేని పేదవాళ్ళు గోనెగుడ్డతో అలాంటిది కుట్టుకుని ఊళ్ళో పెద్దమనుషుల్ని వెక్కిరించేవాళ్ళట. ఆదినారాయణకి ఇక్కడి తెలుగు ఆఫీసర్ల ఉగాది సభ గుర్తొచ్చింది. ఆయన మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడేసరికి, పెద్దాయన తెలుగు మనకి అర్థం కావట్లేదని నవ్వుతూనే మైకు లాగేసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఆ సభ గుమ్మం తొక్కలేదు.

అసలు సంగతేమిటంటే, ఆదినారాయణ చదివేది కాయితంలో ఉన్నది కాదు. అక్కడ ‘ఇది ఏమిటి’ అని ఉంటుంది. కళ్ళు దాన్నే చూస్తాయి, నోరు మాత్రం ‘ఇదేటి’ అంటుంది. ‘చూడండి’ కాస్తా ‘సూడండి’ అవుతుంది. శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చిన ఆయన తాత వెంట తెచ్చుకున్న తెలుగు అది. తేడా ఆయన చెవికి తెలీదు, ఆమె కంటికి తెలీదు.

తనూజ పంపింది రవిచంద్ర విని పడీపడీ నవ్వాడు. ఆమె బెదిరిపోయి, మళ్ళీ చెప్పమంటారా అని అడిగింది.

"ఒక్క అక్షరం మార్చకండి మేడమ్. ఇలాంటి తెలుగు కోసమే వెతుకుతున్నాం" అన్నాడు.

ఆ మాట విని ఆదినారాయణకి కళ్ళు చెమర్చాయి. వీధి వీధంతా చెప్పుకున్నాడు. వీడియో వచ్చే సాయంత్రం పక్కింటి మంగాయమ్మనీ, రైల్వేలో తనతో పనిచేసిన సూర్యాన్నీ పిలిచి, పకోడీలు వేయించి, టీవీ ముందు కూర్చోబెట్టాడు.

తెర మీద పేరు పడింది. ‘పనిమనిషితో ప్రపంచయాత్ర’. మూలన చీపురు పట్టుకున్న ఆడబొమ్మ ఒకటి, కొంగు నడుముకి దోపుకుని, తనూజ గొంతుకి తగ్గట్టు నోరు ఆడిస్తోంది. "ఇదేటి అని అడిగితే" అంది బొమ్మ. టీవీలోంచి ఎవరెవరో గొల్లున నవ్వారు. అంత నవ్వాల్సింది ఏముందో తెలీక సూర్యం తెరంతా వెతికాడు. మంగాయమ్మ మర్యాద కోసం తనూ నవ్వింది. సూడండి అన్నచోట మళ్ళీ నవ్వులు. "పట్టాలన్నీ ఎల్లిపోనాయి" అన్నచోట మరీ పెద్దగా. తొండం ముక్కు ముసుగు వచ్చేసరికి మంగాయమ్మ నవ్వడం మానేసింది.

ఆదినారాయణ కూతురి వైపు తిరిగాడు. "తప్పేటి సదివేను తల్లీ నాను?"

తనూజ సిగ్గుతో, కోపంతో లేచింది. పెరట్లోకి వెళ్ళి రవిచంద్రకి ఫోను చేసి, వీడియో తీసెయ్యమంది. జనం ఎగబడి చూస్తున్నారనీ, వచ్చేదాంట్లో ఇంకాస్త ‘ఏటి’లు దట్టించమనీ అతను ఉత్సాహపడ్డాడు. ఇక చెయ్యనంది. అయితే అతను నొచ్చుకోనైనా లేదు.

"పర్వాలేదు మేడమ్. మీ గొంతు మా దగ్గర ఉందిగా, మిగతాది కంప్యూటరే మాట్లాడేస్తుంది."

ఆమె లోపలికి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. పకోడీలు అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్ళు చెప్పకుండానే వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున తనూజ టీ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

"చాయ్ మే చీనీ కమ్ హై, బేటీ."

పంచదార తక్కువైందట. గడప లోపల ఆయన నోట హిందీ ఆమె ఏనాడూ వినలేదు.

"ఏటి నాన్నా?" అంది.

ఆయన అదే మాట, హిందీలోనే, మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, పరాయివాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు.