వెనకవైపు బొట్టు

మా చెల్లెలి కొడుకు దీపక్‌కు చెన్నై షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెడలో ట్యాగు, దానికి ఫోటో కార్డు, ఆదివారం కూడా తీయడు. స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో తెలియనివాణ్ణి ఇంజనీరంటున్నారు, ఏం చేస్తాం.

చింతాద్రిపేటలో నలభై ఏళ్లు కంప్యూటర్లు బాగుచేసినవాణ్ణి నేను. టీవీకి తగిలించి వాడే నా పాత హోం కంప్యూటరును, 1986లో కొన్నదాన్ని, వాళ్ల ఆఫీసు రిసెప్షన్‌లో అద్దాల పెట్టెలో పెడతారట.

"ఇంక దేనికీ పనికిరాదు గదా మామా" అన్నాడు.

ఒళ్లు మండింది. "నీ సాయం లేకుండా దీన్ని ఇంటర్నెట్‌కు కలిపి చూపిస్తా. కలపలేకపోతే ఎత్తుకొనిపో" అన్నాను.

ఆదివారం వచ్చి కూర్చున్నాడు. మిషను వెనక ఏళ్ల తరబడి వాడని స్లాటు సందులో చిన్న వైఫై కార్డు గుచ్చి స్విచ్ వేశాను. కార్డు లేదని టీవీలో అక్షరాలు. తీసి మళ్లీ గుచ్చాను. అదే మాట. కార్డు చేసినవాణ్ణి తిట్టాను, వైఫై ఇచ్చినవాణ్ణి తిట్టాను, ఈ కాలం సరుకంతా ఊదితే ఎగిరిపోయేదేనని దీపక్‌కు తగిలేలా తిట్టాను. మధ్యాహ్నమైంది. వాడు ఫోన్ కూడా చూడకుండా ఓపిగ్గా కూర్చోవడం మరీ చిరాకు.

మిషను వేడెక్కింది. వాడు ముక్కు ఎగబీల్చాడు.

"మామా, గంధం వాసన వస్తా ఉండాది."

"పక్కింట్లో పూజ చేస్తా ఉంటార్లే."

"లేదు. ఈడనించే."

స్విచ్ ఆపి, మా ఆవిడ గోవిందమ్మను చీపురుపుల్ల అడిగి తెచ్చుకుని, కార్డు తీసి ఆ సందులో గీకాడు. గోధుమరంగు పెళ్లలు రాలాయి. ముప్పై ఎనిమిది ఆయుధపూజల గంధం.

ఎవరు పెట్టారని వాడు అడగలేదు. మీటల మీద పెడితే అంటుకుపోతాయి, బొట్టు వెనకవైపే పెట్టాలి, అది కూడా తెలియని వెధవలు మెకానిక్కులట అని వీధిలో అందరినీ ఎగతాళి చేసింది నేనే. ఇంట్లో ఇంకెవరి చేయీ పడనిచ్చేవాణ్ణి కాదు.

ఈసారి కార్డు పలికింది. నీలం తెర మీద, ఎక్కడో ఉన్నవాళ్లెవరో రాసిన పలకరింపు అక్షరం తరువాత అక్షరంగా దిగింది.

"కలిసింది గదా మామా. ఈడనే ఉండనీ."

వాడి గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. అది భరించలేకపోయాను.

వైర్లు పీకి, మిషనును తువ్వాలులో చుట్టి వాడి ఒళ్లో పెట్టాను.

"నీ సాయం లేకుండా అన్నా గదా, ఎత్తుకొనిపో. పండక్కి బొట్టు మాత్రం పెట్టబాక."